అధిక లభ్యత క్లస్టర్ల చిత్రరూప నిర్వహణ

ఒక సర్వరు ఆగిపోయినా అది అందించే సేవ ఆగకుండా ఉండేందుకు రెండు లేదా అంతకంటే ఎక్కువ సర్వర్లను ఒక జట్టుగా కట్టి నడిపే ఏర్పాటును అధిక లభ్యత క్లస్టరు అంటారు. జట్టులోని ఒక్కొక్క యంత్రాన్ని నోడు అంటారు. నోడ్ల స్థితిని తెరమీద రంగులతో, గుర్తులతో చూపుతూ, సేవలను ఒక నోడు నుండి మరొక నోడుకు మౌసు నొక్కులతోనే మార్చడానికి వీలు కల్పించే సాఫ్టువేర్లు చిత్రరూప నిర్వహణ ఉపకరణాలు. రెడ్ హ్యాట్ వారి కాంగా, సూసే వారి హాక్, మైక్రోసాఫ్టు వారి ఫెయిలోవర్ క్లస్టర్ మేనేజర్, వెరిటాస్ వారి జావా కన్సోలు వీటిలో పేరుపొందినవి. హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలలో ఉంటూ సర్వర్ల నిర్వహణ నేర్చుకొనే విద్యార్థులకు కమాండ్లకంటే ముందు ఈ తెరలే పరిచయం కావడం సాధారణం. ఈ ఉపకరణాలు ఐదారేళ్ళకొకసారి మారిపోతూ వచ్చాయి. వాటి వెనుకనున్న సూత్రాలు మాత్రం 1980ల నుండి దాదాపుగా మారలేదు.

లభ్యత

ఏడాదికి 8,760 గంటలు. ఒక సేవకు 99.9 శాతం లభ్యత ఉన్నదంటే ఏడాది మొత్తంమీద అది సుమారు 8 గంటల 45 నిమిషాలు ఆగిపోవచ్చునని అర్థం. 99.99 శాతమైతే ఆ వ్యవధి 53 నిమిషాలకు, 99.999 శాతమైతే 5 నిమిషాల 15 సెకన్లకు తగ్గుతుంది. అర్ధరాత్రి సర్వరు చెడిపోయినపుడు దానిని చూసుకొనే ఉద్యోగి నగరానికి ఒక కొసనున్న ఎల్.బి.నగర్ నుండి మరొక కొసనున్న మాదాపూరు చేరేలోపే ఈ చివరి లెక్క పలుమార్లు దాటిపోతుంది. కాబట్టి చెడిపోయిన సంగతిని గుర్తించడం, సేవను మరొక యంత్రంపై మొదలుపెట్టడం మనిషి ప్రమేయం లేకుండా యంత్రాలే చేసుకోవాలి. దీనినే ఫెయిలోవర్ అంటారు.

సాధారణమైన రెండు నోడ్ల క్లస్టరులో ఒక నోడు పనిచేస్తుంటే రెండవది సిద్ధంగా వేచి ఉంటుంది. వాడుకరులు నోడు చిరునామాకు కాక, ఒక ఉమ్మడి ఐపీ చిరునామాకు వస్తారు. మొదటి నోడు పడిపోతే ఆ ఐపీ చిరునామా, సమాచారం ఉన్న డిస్కు, డేటాబేసు వంటి సేవ, ఈ మూడూ ఒక క్రమంలో రెండవ నోడుకు చేరతాయి. క్రమం ముఖ్యం. డిస్కు అందకముందే డేటాబేసు మొదలైతే అది వెంటనే విఫలమవుతుంది.

సికింద్రాబాదు రైల్వే రిజర్వేషన్

తెలుగువారికి బాగా దగ్గరగా ఉన్న క్లస్టరు ఉదాహరణ రైలు టిక్కెట్ల రిజర్వేషన్. భారతీయ రైల్వేలో కంప్యూటరు రిజర్వేషన్ 1985లో ఢిల్లీలో సీఎంసీ సంస్థ రూపొందించిన ఇంప్రెస్ అనే వ్యవస్థతో మొదలైంది. రైల్వేలకు సొంత కంప్యూటరు సంస్థగా క్రిస్ 1986లో ఏర్పడింది. క్రిస్ తయారుచేసిన కాన్సర్ట్ అనే కొత్త సాఫ్టువేరును 1994 సెప్టెంబరులో మొదటగా అమలుపరచినది సికింద్రాబాదులోనే. తరువాత ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు ఐదింటినీ 1999 ఏప్రిల్ నాటికి ఒక వలగా కలిపారు. దానితో ఏ ఊరి కౌంటరులోనైనా ఏ రైలుకైనా, ఏ రెండు స్టేషన్ల మధ్యనైనా టిక్కెట్టు తీసుకొనే వీలు కలిగింది.

ఈ కేంద్రాలు డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి వీఎంఎస్ నిర్వహణ వ్యవస్థ మీద, తరువాతి కాలంలో ఆల్ఫా యంత్రాల ఓపెన్‌వీఎంఎస్ క్లస్టర్ల మీద నడిచాయి. డిజిటల్ సంస్థ 1983లో ప్రకటించిన వ్యాక్స్‌క్లస్టరు ఈనాటి క్లస్టర్లన్నింటికీ పూర్వరూపం అనదగినది. నోడ్లు ఓటు వేయడం, సగానికి పైగా ఓట్లు ఉంటేనే పని కొనసాగించడం, డిస్కులను అన్ని నోడ్లూ పంచుకోవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. డిజిటల్ 1998లో కాంపాక్‌లో, కాంపాక్ 2002లో హెచ్‌పీలో కలిసిపోయాయి.

రిజర్వేషన్ ఉదాహరణతో క్లస్టర్లకు ఉండే అతిపెద్ద ప్రమాదాన్ని సులభంగా చెప్పవచ్చు. రెండు నోడ్ల మధ్య తీగ తెగిందనుకుందాం. రెండూ బాగానే ఉన్నాయి, కాని ఒకదానికొకటి కనిపించడం లేదు. అవతలిది పడిపోయిందని భావించి ప్రతి నోడూ తానే ప్రధానమనుకొని టిక్కెట్లు ఇవ్వడం మొదలుపెడితే, ఒకే బెర్తు ఇద్దరికి అమ్ముడవుతుంది. ఈ స్థితిని స్ప్లిట్ బ్రెయిన్, అంటే మెదడు చీలిక అంటారు. సేవ గంటసేపు ఆగితే జనం విసుక్కుంటారు. ఒకే బెర్తుకు ఇద్దరు వస్తే, లేక ఒకే డిస్కు మీద రెండు నోడ్లు విడివిడిగా రాస్తే, జరిగిన నష్టాన్ని సరిచేయడం చాలాసార్లు సాధ్యం కాదు. అందువలన క్లస్టరు సాఫ్టువేర్లన్నీ సేవను నడపడంకంటే ముందు సమాచారం చెడకుండా కాపాడడానికే ప్రాధాన్యమిస్తాయి. అనుమానం వచ్చినపుడు ఆగిపోవడం లోపం కాదు, అది కావాలని చేసిన ఏర్పాటు.

కోరం, ఫెన్సింగ్

కోరం అనే మాట తెలుగువారికి కంప్యూటర్లకంటే చాలా ముందే తెలుసు. పంచాయతీ సమావేశాలు, పురపాలక సమావేశాలు కోరం లేక వాయిదా పడడం పత్రికలలో తరచుగా వచ్చే వార్తే. అయితే శాసనసభ కోరం మొత్తం సభ్యులలో పదవ వంతు మాత్రమే. క్లస్టరులో అది సరిపోదు, సగానికి మించి ఓట్లు ఉండాలి. సగానికి మించిన గుంపు ఒకే సమయంలో ఒకటే ఉండగలదు కనుక, తీగ తెగి జట్టు రెండుగా చీలినా ఒక ముక్కే పనిచేస్తుంది, రెండవది ఆగిపోతుంది.

ఓపెన్‌వీఎంఎస్‌లో ఈ లెక్క ఇలా ఉంటుంది: ఉండవలసిన మొత్తం ఓట్లకు 2 కలిపి సగం చేసి, భిన్నం వస్తే వదిలివేయాలి. మూడు నోడ్లకు తలా ఒక ఓటు ఉంటే కోరం 2. ఒక నోడు పోయినా మిగిలిన రెండూ పని కొనసాగిస్తాయి. రెండే నోడ్లుంటే కూడా కోరం 2 అవుతుంది, అంటే ఒకటి పోగానే రెండవది కూడా స్తంభించిపోతుంది. ఈ చిక్కు తీర్చడానికి ఒక డిస్కుకు కూడా ఓటు ఇచ్చే పద్ధతి పెట్టారు. దానిని కోరం డిస్కు అంటారు. తరువాత వచ్చిన లినక్సు, విండోస్ క్లస్టర్లు కూడా ఇదే ఉపాయాన్ని వేర్వేరు పేర్లతో వాడుకున్నాయి.

రెండవ సూత్రం ఫెన్సింగ్, అంటే కంచె వేయడం. పలకని నోడు నిజంగా చనిపోయిందా, లేక మాట వినిపించక ఊరుకుందా అన్నది బయటినుండి తెలియదు. తెలియనపుడు ఊహించకుండా దాని కరెంటు తీసివేసి చనిపోయిందని నిర్ధారించుకోవడమే మేలు. లినక్సు క్లస్టర్లలో దీనికి స్టొనిత్ అనే పేరు స్థిరపడింది. అవతలి నోడు తలలోకి తూటా దించమనే ఆంగ్ల వాక్యంలోని పదాల మొదటి అక్షరాలతో ఏర్పడిన మాట ఇది. మొరటుగా ఉన్నా పనిని సరిగ్గా చెబుతుంది. హెచ్‌పీ సర్వర్లలోని ఐలో, డెల్ సర్వర్లలోని డ్రాక్, అనేక సర్వర్లలో ఉండే ఐపీఎంఐ కార్డు, నెట్‌వర్కు ద్వారా నియంత్రించగల విద్యుత్ పంపిణీ పట్టీలు ఇందుకు వాడతారు. ఫెన్సింగ్ విజయవంతమైందన్న సమాధానం వచ్చేదాకా మిగిలిన నోడు ఆ సేవలను ముట్టుకోదు.

నోడ్లు ఒకదానికొకటి బతికి ఉన్నామని నిరంతరం పంపుకొనే చిన్న సందేశాలను గుండె చప్పుడు, హార్ట్‌బీట్ అంటారు. ఎంతసేపు చప్పుడు వినపడకపోతే చనిపోయినట్లు లెక్కించాలన్నది అమరికలో ఉంటుంది. రెడ్ హ్యాట్ 5, 6 వెర్షన్లలో అది మామూలుగా 10 సెకన్లు. ఈ గడువును మరీ తగ్గిస్తే క్షణికమైన నెట్‌వర్కు రద్దీకే మంచి నోడును చంపివేసే ప్రమాదం ఉంది.

ఉపకరణాల పరిణామం

చిత్రరూప నిర్వహణను మామూలు కార్యాలయాల దాకా తెచ్చినది మైక్రోసాఫ్టు. 1997లో విండోస్ ఎన్‌టీ 4.0 ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌తో, వుల్ఫ్‌ప్యాక్ అన్న రహస్యనామంతో తయారైన క్లస్టరు సేవ వెలువడింది. అది రెండు నోడ్లకే పరిమితం. దానితోపాటు వచ్చిన క్లస్టర్ అడ్మినిస్ట్రేటర్ అనే కిటికీలో ఎడమవైపు చెట్టు ఆకారంలో సేవలు, కుడివైపు వాటి స్థితి కనిపించేవి. విండోస్ సర్వర్ 2008లో ఇది ఫెయిలోవర్ క్లస్టర్ మేనేజ్‌మెంట్‌గా మారింది. ఆ మార్పులో ముఖ్యమైనది కొత్త తెర కాదు, పరీక్షించే విజార్డు. క్లస్టరు కట్టబోయే ముందు డిస్కులు, నెట్‌వర్కు, నోడ్ల అమరికలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో ఈ విజార్డు తనిఖీ చేసి నివేదిక ఇస్తుంది. చిత్రరూప ఉపకరణం కమాండుకంటే నిజంగా మెరుగైన పని చేసిన సందర్భాలలో దీనిని మొదట చెప్పుకోవచ్చు.

యూనిక్సు ప్రపంచంలో వెరిటాస్ క్లస్టర్ సర్వర్ జావా కన్సోలు చాలాకాలం ప్రామాణికంగా నిలిచింది. సేవల మధ్య ఉన్న ఆధారాలను అది కొమ్మలుగా గీసి చూపేది. ఐపీ చిరునామా నెట్‌వర్కు కార్డు మీద, డేటాబేసు డిస్కు మీద ఆధారపడిన సంగతి ఒక్క చూపులో అర్థమయ్యేది. సోలారిస్ నేర్చుకొన్నవారు వెరిటాస్ వాల్యూమ్ మేనేజరును, క్లస్టర్ సర్వరును కూడా కలిపి నేర్చుకోవడం 2000లలో పరిపాటి. సన్ సంస్థ తన సొంత క్లస్టరుకు సన్‌ప్లెక్స్ మేనేజర్ అనే బ్రౌజరు ఉపకరణాన్ని ఇచ్చింది.

లినక్సులో కథ కొంచెం చిక్కుగా నడిచింది. అలన్ రాబర్ట్‌సన్ 1990ల చివరలో మొదలుపెట్టిన లినక్సు-హెచ్‌ఏ ప్రాజెక్టు హార్ట్‌బీట్ అనే సాఫ్టువేరును ఇచ్చింది. తొలి హార్ట్‌బీట్‌ను రెండు మూడు చిన్న పాఠ్య ఫైళ్ళలో నాలుగు వాక్యాలు రాసి నడిపించవచ్చు. 2005లో వచ్చిన రెండవ వెర్షనులో అమరికలన్నీ ఎక్స్‌ఎంఎల్‌లోకి మారాయి. చేతితో రాయడం కష్టమైంది కనుక పైథాన్‌తో రాసిన ఒక చిత్రరూప ఉపకరణం దానికి తోడయింది. అంటే ఇక్కడ తెర అనేది సౌకర్యంగా కాక, అమరిక క్లిష్టమైనందువలన అవసరంగా వచ్చింది. ఆ వెర్షనులోని నిర్ణయాలు తీసుకొనే భాగం తరువాత పేస్‌మేకర్ అనే పేరుతో విడిపోయింది. దాని ప్రధాన రచయిత ఆండ్రూ బీకాఫ్.

రెడ్ హ్యాట్ ఇదే కాలంలో వేరే దారిలో నడిచింది. 2005లో వచ్చిన ఎంటర్‌ప్రైజ్ లినక్సు 4లో సిస్టమ్-కాన్ఫిగ్-క్లస్టర్ అనే కిటికీ ఉండేది. 2007 మార్చిలో వచ్చిన 5వ వెర్షనులో దానికి తోడు కాంగా చేరింది. కాంగాకు రెండు భాగాలు: బ్రౌజరులో తెరను చూపే లూసీ, ప్రతి నోడు మీదా ఉండి లూసీ చెప్పిన పని చేసే రిక్కీ. లూసీ 8084 పోర్టులో, రిక్కీ 11111 పోర్టులో పనిచేసేవి. నోడు చేర్చడం, ఫెయిలోవర్ పరిధులు నిర్ణయించడం, ఫెన్సింగ్ పరికరం చూపడం, నోడును బలవంతంగా ఫెన్స్ చేయడం అన్నీ లింకులుగా ఉండేవి. 2010 నవంబరులో విడుదలైన 6వ వెర్షనులో పాత కిటికీ తొలగిపోయింది, లూసీని కొత్తగా రాశారు. 2014 జూన్‌లో 7వ వెర్షను వచ్చేసరికి లూసీ, రిక్కీ కూడా పోయాయి. రెడ్ హ్యాట్ సైతం పేస్‌మేకర్‌కు మారి, పీసీఎస్ అనే కమాండునూ, 2224 పోర్టులో తెరుచుకొనే పీసీఎస్‌డీ జాలతెరనూ ఇచ్చింది. 2025లో విడుదలైన 10వ వెర్షనులో ఆ విడి జాలతెర కూడా లేదు. అదే పని కాక్‌పిట్ అనే సాధారణ నిర్వహణ తెరలో ఒక భాగమైంది.

ఇలా ఒకే సంస్థ ఇరవై ఏళ్ళలో తెరను నాలుగైదుసార్లు మార్చింది. 2008లో కాంగాను మెనూలతో సహా కంఠస్థం చేసినవారికి ఆ జ్ఞానం ఆరేడేళ్ళు ఉపయోగపడింది. ఫెన్సింగ్ ఎందుకో అర్థం చేసుకొన్నవారికి కొత్త తెరలో బొత్తాం ఎక్కడుందో వెతుక్కోవడమే మిగిలింది.

సూసే సంస్థ హాక్ అనే బ్రౌజరు ఉపకరణాన్ని 2010 ప్రాంతంలో తన అధిక లభ్యత విస్తరణలో చేర్చింది. రూబీ ఆన్ రైల్స్‌తో రాసిన ఈ ఉపకరణం 7630 పోర్టులో పనిచేస్తుంది. జరిగిన సంఘటనలను కాలక్రమంలో వెనక్కి వెళ్ళి చూడడం, ఒక నోడు పడిపోతే క్లస్టరు ఏమి నిర్ణయిస్తుందో నిజంగా పడగొట్టకుండానే ఊహారూపంలో నడిపి చూడడం హాక్‌లోని మంచి సౌకర్యాలు. లిన్‌బిట్ సంస్థ నుండి వచ్చిన ఎల్‌సీఎంసీ అనే జావా ఉపకరణం డీఆర్‌బీడీ డిస్కు ప్రతిబింబాలను, పేస్‌మేకర్ సేవలను బాణాలతో కలిపి చూపేది.

తెర చూపనివి

చిత్రరూప ఉపకరణాల వలన లాభాలు స్పష్టమే. అక్షర దోషాలు తగ్గుతాయి, స్థితి ఒక్క చూపులో తెలుస్తుంది. రెడ్ హ్యాట్ పాత క్లస్టర్లలో అమరిక ఫైలును చేతితో దిద్దినవారు వెర్షను సంఖ్య పెంచడం మరచిపోతే మార్పు మిగతా నోడ్లకు చేరేది కాదు. తెర ఆ పని తనంతట తానే చేసేది. కాని తెరమీద కనిపించే ఆకుపచ్చ రంగుకు, క్లస్టరు ఆరోగ్యానికి మధ్య దూరం ఉంటుంది. ఆ దూరం ఎక్కడెక్కడ ఉంటుందో తెలియకపోవడమే చాలా ప్రమాదాలకు మూలం.

మొదటిది ఫెన్సింగ్‌ను ఆపివేసే అమరిక. పేస్‌మేకర్ తెరలలో క్లస్టరు లక్షణాల పట్టికలో ఇది ఒక చిన్న గడిగా ఉంటుంది. ఫెన్సింగ్ పరికరం లేకుండా క్లస్టరు కడితే సేవలు మొదలుకావు. ఆ గడిని మార్చగానే అన్నీ పచ్చగా మారతాయి. తరగతి గదిలోని యంత్రాలకు ఐలో, డ్రాక్ వంటివి ఉండవు కనుక సాధనలో దీనిని ఆపివేయడం అలవాటవుతుంది. అదే అలవాటు ఉద్యోగంలోకి వెళ్ళినపుడు, తీగ తెగిన నాడు రెండు నోడ్లూ ఒకే డిస్కును తగిలించుకుంటాయి. అప్పటిదాకా ఆ క్లస్టరు తెర ఏ లోపాన్నీ చూపదు.

రెండవది శుభ్రపరిచే బొత్తాం. ఒక సేవ విఫలమైతే తెరమీద ఎర్రగా కనిపిస్తుంది. క్లీనప్ నొక్కితే ఎరుపు పోతుంది. ఆ బొత్తాం చేసే పని పాత వైఫల్యాల లెక్కను చెరిపివేసి సేవ స్థితిని మళ్ళీ కనుక్కోవడమే, కారణాన్ని తీసివేయడం కాదు. డిస్కు నిండినందువలన ఆగిన డేటాబేసు కాసేపు పచ్చగా ఉండి మళ్ళీ ఎర్రబడుతుంది. లాగ్ చదవకుండా నాలుగుసార్లు క్లీనప్ నొక్కడం జ్వరానికి కారణం చూడకుండా మాత్ర వేసుకోవడం వంటిది.

మూడవది మరింత సూక్ష్మమైనది. పేస్‌మేకర్‌లో ఒక సేవను మనంతట మనమే వేరే నోడుకు మారిస్తే, ఆ కదలికతోపాటు ‘ఈ సేవ ఇక్కడే ఉండాలి’ లేదా ‘అక్కడ ఉండరాదు’ అనే నియమం ఒకటి అమరికలో చేరిపోతుంది. పని పూర్తయ్యాక ఆ నియమాన్ని తొలగించాలి. తొలగించకపోతే వారాల తరువాత రెండవ నోడు పడిపోయినపుడు, మొదటి నోడు బాగానే ఉన్నా సేవ అక్కడ మొదలుకాకపోవచ్చు. ముందు పేజీలోని పచ్చ గుర్తులు ఈ మిగిలిపోయిన నియమాన్ని చెప్పవు, నియమాల పట్టిక తెరిచి చూడాలి.

ఇక తెర స్వయంగా ఎక్కడ నడుస్తున్నదన్నది మరొక ప్రశ్న. లూసీని క్లస్టరుకు బయటి యంత్రం మీద పెట్టవచ్చు. నోడు మీదే పెట్టినవారు ఆ నోడు పడిపోయిన వేళ, సరిగ్గా అవసరమైన క్షణంలో, తెర కూడా లేకుండా మిగిలేవారు. పీసీఎస్‌డీ, హాక్ అన్ని నోడ్ల మీదా ఉంటాయి కనుక ఏ నోడు చిరునామాతోనైనా తెరవవచ్చు. అయితే జట్టు చీలినపుడు రెండు నోడ్ల తెరలు రెండు వేర్వేరు కథలు చెబుతాయి. ఒకే బ్రౌజరులో రెండింటినీ పక్కపక్కన తెరిచి చూసినవారికి మెదడు చీలిక అంటే ఏమిటో వేరే వివరణ అక్కరలేదు.

విద్యుత్తు విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. హైదరాబాదులో వేసవి కరెంటు కోతలు 2000లలో మామూలు సంగతి, ఇన్వర్టరు లేని కంప్యూటరు శిక్షణ కేంద్రం అరుదు. ఒకే యూపీఎస్ మీద రెండు నోడ్లు ఉంటే క్లస్టరు వలన లాభమేమీ లేదు, రెండూ కలిసే పోతాయి. ఇద్దరికీ వేర్వేరు విద్యుత్తు ఇచ్చినా మరొక మెలిక ఉంది. ఐలో, డ్రాక్ వంటి కార్డులకు కూడా కరెంటు ఆ సర్వరు నుండే అందుతుంది. నోడుకు కరెంటు పూర్తిగా పోతే దాని ఫెన్సింగ్ కార్డూ మూగబోతుంది. బతికి ఉన్న నోడు ‘చంపు’ అని అడుగుతుంది, జవాబు రాదు. జవాబు రాదు కనుక సేవను తీసుకోదు. సర్వరు నిజంగా చనిపోయినా, చనిపోయినట్లు రుజువు లేక సేవ ఆగిపోతుంది. దీనికి విరుగుడు రెండవ అంచె ఫెన్సింగ్: కార్డు పలకకపోతే విద్యుత్ పంపిణీ పట్టీలోని ఆ సాకెట్టునే ఆపివేయాలి. పేస్‌మేకర్‌లో ఇలాంటి అంచెలను వరుసగా పేర్కొనవచ్చు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్

మలక్‌పేట నుండి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి.నగర్ చేరే విజయవాడ రహదారి నల్గొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుండి నగరానికి వచ్చేవారికి ముఖద్వారం. నాగార్జునసాగర్ వైపు దారి కూడా ఎల్.బి.నగర్ వద్దే చీలుతుంది. అందువలన చదువుకోసం వచ్చినవారు ఇక్కడి హాస్టళ్ళలో, గదులలో స్థిరపడడం ఎప్పటినుండో ఉన్నదే. ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం 2007 ఏప్రిల్ దాకా విడి పురపాలక సంఘాలు. ఆ నెలలో మహా హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసిపోయాయి.

దిల్‌సుఖ్‌నగర్ ప్రధానంగా పోటీ పరీక్షల, ప్రవేశ పరీక్షల శిక్షణకు పేరుపొందింది. వాటి పక్కనే హార్డువేరు, నెట్‌వర్కింగ్, లినక్సు నేర్పే సంస్థలు వెలిశాయి. సాఫ్టువేరు శిక్షణలో అమీర్‌పేట పేరు ఎక్కువ. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట, ఎల్.బి.నగర్‌ల మధ్య మెట్రో రైలు మొదలైన తరువాత ఇక్కడ గది తీసుకొని అక్కడ తరగతికి వెళ్ళడం తేలికైంది.

క్లస్టర్లు సాధారణంగా తొలి పాఠ్యాంశం కాదు. లినక్సు నిర్వహణ పూర్తయ్యాక వచ్చే పై మెట్టు. రెడ్ హ్యాట్ ధ్రువపత్రాల వరుసలో 436 అంకెగల పరీక్ష దీనికి సంబంధించినది. బోధన తెలుగులో సాగినా మాటలు ఆంగ్లమే: ‘కోరం పోయింది’, ‘నోడ్ ఫెన్స్ అయింది’ అంటారే గాని కంచె అనరు. ఇది తప్పేమీ కాదు. తెరమీద కనిపించే మాటకు, నోటితో పలికే మాటకు తేడా లేకపోవడం అర్ధరాత్రి ఫోనులో మాట్లాడుకొనేటపుడు మేలే చేస్తుంది.

ఉద్యోగ పరీక్షలలో, ఇంటర్వ్యూలలో అడిగేది మెనూల పేర్లు కాదు. రెండు నోడ్ల క్లస్టరులో తీగ తెగితే ఏమవుతుంది, ఫెన్సింగ్ విఫలమైతే సేవ ఎందుకు కదలదు వంటివి ప్రాథమిక ప్రశ్నలు. తెరను మాత్రమే చూసి నేర్చుకొన్న అభ్యర్థి తడబడేది ఇక్కడే. శిక్షణలో చేరేముందు ఆ సంస్థ ప్రయోగాలలో ఫెన్సింగ్ నిజంగా చేయిస్తుందా అని అడగడం ఫీజు ఎంత అని అడగడమంత అవసరం.

సొంత కంప్యూటరులో సాధన

ఖరీదైన సర్వర్లు లేకుండానే ఇవన్నీ చేసి చూడవచ్చు. 8 గిగాబైట్ల మెమొరీ ఉన్న మామూలు కంప్యూటరులో లినక్సు, దానిపై కేవీఎం ద్వారా రెండు లేదా మూడు కృత్రిమ యంత్రాలు సరిపోతాయి. ధర లేకుండా లభించే రాకీ, ఆల్మా, ఓపెన్‌సూసే, డెబియన్ పంపిణీలన్నింటికీ పేస్‌మేకర్ లభిస్తుంది. కృత్రిమ యంత్రాలకు ఐలో ఉండదు. దానికి బదులు ఆతిథేయ కంప్యూటరే వాటిని ఆపి మళ్ళీ మొదలుపెట్టేలా ఫెన్స్-విర్ట్ అనే సాఫ్టువేరును అమర్చుకోవచ్చు. కాబట్టి ఇంట్లో కూడా ఫెన్సింగ్‌ను ఆపివేయవలసిన అవసరం లేదు.

మొదట తెర ద్వారానే ఒక ఉమ్మడి ఐపీ చిరునామా, ఒక వెబ్ సర్వరు ఏర్పరచి, నోడును స్టాండ్‌బైలో పెట్టి చూడాలి. సేవ రెండవ నోడుకు చక్కగా మారుతుంది. అయితే ఇది మర్యాదగా అడిగి దిగిపొమ్మనడం మాత్రమే, నిజమైన ప్రమాదం ఇలా రాదు. తరువాత ఫైర్‌వాల్ నియమంతో రెండు నోడ్ల మధ్య మాటలను హఠాత్తుగా అడ్డగించాలి. ఫెన్సింగ్ ఉంటే రెండూ ఒకదానినొకటి చంపడానికి పోటీపడతాయి. ఒకటి గెలుస్తుంది, రెండవది ఆగి మళ్ళీ లేస్తుంది. లేచిన నోడు తిరిగి జట్టులో చేరడానికి ప్రయత్నించి, అడ్డంకి తొలగనందున తానూ అవతలిదాన్ని చంపవచ్చు. ఇలా రెండూ వంతులవారీగా పడిపోవడాన్ని ఒకసారి కళ్ళారా చూసినవారు, క్లస్టరు సేవలు యంత్రం లేవగానే వాటంతటవే మొదలయ్యే అమరికను ఎందుకు ఆలోచించి పెట్టాలో గ్రహిస్తారు. ఒక నోడుకు మాత్రం కొన్ని సెకన్ల ఫెన్సింగ్ ఆలస్యం ఇస్తే ఎవరు గెలవాలన్నది ముందే తేలుతుంది.

ఉమ్మడి డిస్కు మాత్రమే ఉండి విద్యుత్ నియంత్రణ లేని చోట ఎస్‌బీడీ పద్ధతి ఉంది. చనిపొమ్మనే సందేశాన్ని డిస్కులోని ఒక చిన్న భాగంలో రాస్తారు, అవతలి నోడు దానిని చదివి తనను తానే ఆపుకుంటుంది. చదవలేని స్థితిలో ఉంటే వాచ్‌డాగ్ అనే గడియారం దానిని ఆపుతుంది. లినక్సు కెర్నెల్‌లోని సాఫ్ట్‌డాగ్ ఈ గడియారాన్ని సాఫ్టువేరుతోనే అనుకరిస్తుంది. అది ఇంటి సాధనకు సరిపోతుంది. కెర్నెలే బిగుసుకుపోతే ఆ గడియారమూ ఆగుతుంది కనుక నిజమైన సేవలకు సర్వరు బోర్డు మీది హార్డువేరు వాచ్‌డాగ్‌నే వాడాలి.